పాత పవర్ ఆంప్లిఫయర్ ఇంటికి తెచ్చేముందు

పాత పవర్ ఆంప్లిఫయర్ కొందామనుకునే స్నేహితులు నన్ను మొదట అడిగే మాట ఒకటే: "ఎన్ని వాట్లది తీసుకోమంటావు?" నేను వాళ్ళను తిరిగి అడుగుతాను: "నువ్వు పాటలు వినేది ఎప్పుడు?" ఉద్యోగస్తుల జవాబు దాదాపు ఒకేలా ఉంటుంది. పగలంతా ఆఫీసు, సాయంత్రం ట్రాఫిక్కు, భోజనాలై పిల్లలు పడుకున్నాక ఓ గంట. పక్క ఫ్లాటువాళ్ళకు వినబడకూడదు. లోపలి గదిలో నాన్నగారికి మెలకువ రాకూడదు. అంటే ఆ ఆంప్లిఫయర్ బతుకులో ముప్పాతిక వంతు ఒక్క వాటు లోపలే గడిచిపోతుంది. కాబట్టి కొనేటప్పుడు చూసుకోవాల్సింది నూరో వాటు కాదు, మొదటి వాటు.

కొంచెం లెక్క చూద్దాం. మామూలు బుక్‌షెల్ఫ్ స్పీకరు మీద సెన్సిటివిటీ 87 డెసిబెల్స్ అని ఉందనుకోండి. ఒక వాటు ఇస్తే మీటరు దూరంలో 87 డెసిబెల్స్ మోత వస్తుందని దానర్థం. రాత్రి తొమ్మిది తర్వాత ఫ్లాటులో అది ఎక్కువే. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. 45 వాట్ల ఆంప్లిఫయరుకూ 90 వాట్ల దానికీ చెవికి తెలిసే తేడా అంతే, కాస్త పెరిగినట్టు అనిపిస్తుంది. 1967లో వచ్చిన 45 వాట్ల క్వాడ్ 303ను వాడేవాళ్ళు ఇప్పటికీ దాన్ని వదలకపోవడానికి ఇదొక కారణం.

క్వాడ్ పేరెత్తాను కాబట్టి దాని తర్వాతి మోడలు 405ను ఎదురుగా పెట్టుకునే మిగతా సంగతులు చెబుతాను. ఉదాహరణ ఒకటి చేతిలో ఉంటే సలహా గాల్లో తేలదు. ఇంగ్లండులో హంటింగ్‌డన్ అనే ఊళ్ళో క్వాడ్ ఆంప్లిఫయర్లు చేసే పీటర్ వాకర్ కంపెనీ దీన్ని 1975లో విడుదల చేసింది. ఛానెల్‌కు 100 వాట్లు. బరువు సుమారు 9 కిలోలు. హీట్‌సింక్ రెక్కలు వెనకాల కాకుండా ముఖం మీదే ఉంటాయి కాబట్టి చూడగానే గుర్తుపట్టొచ్చు. లోపలి పద్ధతిని 'కరెంట్ డంపింగ్' అన్నారు. బరువు మోసేవి పెద్ద ట్రాన్సిస్టర్లు, వాటి తప్పులు సరిదిద్దేది పక్కనే ఉన్న చిన్న క్లాస్-ఏ ఆంప్లిఫయర్. దీనివల్ల ఉద్యోగస్తుడికి ఒక పెద్ద మేలుంది. ఇందులో బయాస్ ప్రీసెట్ లేదు. మామూలు క్లాస్-ఏబీ ఆంప్లిఫయర్లలో అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లలో పారే కరెంటును సర్దే గోరంత ప్రీసెట్ ఒకటి ఉంటుంది. నలభై ఏళ్ళకు దాని లోపలి ట్రాక్ పాడై కాంటాక్టు వదిలేస్తే, చాలా సర్క్యూట్లలో బయాస్ అమాంతం పెరిగి అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు కాలిపోతాయి. 405లో ఆ బెడద అసలు లేదు. సర్దుబాట్లు తక్కువున్న పాత వస్తువు, తీరిక తక్కువున్న మనిషికి నప్పుతుంది.

అయితే తెచ్చి పెట్టుకున్నాక చాలామంది ఒక ఫిర్యాదు చేస్తారు. "వాల్యూమ్ కొంచెం తిప్పితే చాలు, అదిరిపోతోంది. తగ్గిస్తే ఎడమ స్పీకరే పలుకుతోంది. పాట లేనప్పుడు సన్నగా బుస్సుమంటోంది." దీంతో ఆంప్లిఫయర్ పాడైపోయిందనుకుని మళ్ళీ అమ్మేసినవాళ్ళను చూశాను. నిజానికి అది పాడవలేదు, దాని కాలం వేరు. 405కు అర వోల్టు సిగ్నలిస్తే చాలు, పూర్తి 100 వాట్లూ ఇచ్చేస్తుంది. ఆ రోజుల్లో క్వాడ్ ప్రీ ఆంప్లిఫయర్లు ఇచ్చింది అంతే. ఇప్పటి సీడీ ప్లేయర్లు, డిజిటల్ పాటను సిగ్నలుగా మార్చే డాక్‌లు పూర్తి స్థాయిలో 2 వోల్టులు ఇస్తాయి, అంటే నాలుగింతలు. రాత్రిపూట మనకు కావలసిన ఒక్క వాటుకు ఈ ఆంప్లిఫయర్ అడిగేది 50 మిల్లీవోల్టులే. 2 వోల్టుల్లో అది నలభయ్యో వంతు. వాల్యూమ్ కంట్రోలు అంత అడుగున ఉన్నప్పుడు రెండు ఛానెళ్ళ ట్రాకులు సమానంగా ఉండవు, అందుకే ఒక పక్కే పలుకుతుంది. ముందున్న ప్రీ ఆంప్లిఫయర్ బుస కూడా అంతకంతా పెద్దదవుతుంది.

దీనికి మందు నాలుగు రెసిస్టర్లు. ఆంప్లిఫయర్ వైపు పిన్నులో ఛానెల్‌కు రెండు: సిగ్నల్ దారిలో 10 కిలోఓమ్ ఒకటి, దాని తర్వాత సిగ్నల్ నుంచి గ్రౌండుకు 4.7 కిలోఓమ్ ఒకటి. 405 ఇన్‌పుట్ ఇంపిడెన్స్ 20 కిలోఓమ్‌లు కాబట్టి, దాన్ని కూడా కలుపుకుంటే 2 వోల్టులు కాస్తా 0.55 వోల్టు అవుతాయి. పావు వాటు, ఒక శాతం మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లు తీసుకోండి. మొదటి 405లకు ఇప్పటి ఆర్‌సీఏ పిన్ను పట్టదు, డిన్ సాకెట్ ఉంటుంది. ఎలాగూ వైరు చేయించుకోక తప్పదు కాబట్టి ఆ రెసిస్టర్లను కూడా అప్పుడే వేయించేయండి. కొత్త ఆంప్లిఫయర్ కొనాలన్న ఆలోచన ఈ చిన్న పనితో మానుకున్నవాళ్ళు నాకు తెలుసు.

ఇంకో జాగ్రత్త. పవర్ ఆంప్లిఫయరుకు వాల్యూమ్ నాబ్ ఉండదు. దాని ముందు ప్రీ ఆంప్లిఫయరో, వాల్యూమ్ ఉన్న డాకో తప్పనిసరి. ఫోనునో కంప్యూటరునో నేరుగా తగిలించారంటే, అది ఏ అప్‌డేట్ అయ్యాకో నూరు శాతం వాల్యూమ్‌తో మొదలైన రోజున ట్వీటర్లు పోతాయి. మీ ఇంట్లో ఇప్పటికే ఉన్న ఇంటిగ్రేటెడ్ ఆంప్లిఫయర్ వెనకాల 'ప్రీ అవుట్' అని సాకెట్లున్నాయేమో చూడండి. ఉంటే దాన్నే ప్రీ ఆంప్లిఫయర్‌గా వాడుకోవచ్చు, వేరే ఖర్చు లేదు.

ఇక కొనే దగ్గరికి వద్దాం. హైదరాబాదులో కోఠి గుజరాతీ గల్లీ, చెన్నైలో రిచీ స్ట్రీట్, ముంబయిలో లామింగ్టన్ రోడ్డు ఈ సరుకుకూ, దానికి కావలసిన పార్టులకూ పేరుపడ్డ చోట్లు. ఎక్కడ కొన్నా "పనిచేస్తోంది సార్" అన్న మాటను సగమే నమ్మండి. ఇది నేను డబ్బు పోసి నేర్చుకున్న సంగతి.

చాలా ఏళ్ళ క్రితం ఒక కొట్లో పాత ఆంప్లిఫయర్ ఒకటి నచ్చింది. కొట్టతను నా ఎదురుగానే పాట పెట్టి వినిపించాడు, గొంతు నిండుగా ఉంది. బేరమాడి ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నాను. ఇంట్లో స్పీకర్లు తగిలించి ఆన్ చేశాను. రెండో పాట మధ్యలో కుడి పక్క ఊఫర్ కోన్ ముందుకు పొడుచుకొచ్చి అలాగే నిలబడిపోయింది. కొట్టుకోవడం లేదు, వెనక్కి రావడం లేదు. పావు నిమిషంలో కాలిన వార్నిష్ వాసన. ప్లగ్గు పీకేసరికే కాయిల్ పోయింది. ఒక అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ వేడెక్కాక షార్టయింది, సప్లయి వోల్టేజీ మొత్తం డీసీగా స్పీకరులోకి దిగింది. తర్వాత దాన్ని గుజరాతీ గల్లీలో ఒక పెద్దాయన బల్ల మీద పెట్టి జరిగింది చెబితే, ఆయన మూత విప్పకుండానే అన్నాడు: "తమ్మీ, స్పీకర్ తర్వాత. ముందుగాల మీటర్ పెట్టి చూడాలె."

ఆ మాటను నేను మళ్ళీ తప్పలేదు. కొట్లోనే, స్పీకరు వైర్లు తీసేసి, ఇన్‌పుట్‌లో ఏ సిగ్నలూ లేకుండా ఆంప్లిఫయర్ ఆన్ చేయమనండి. మల్టీమీటరును డీసీ మీద పెట్టి స్పీకర్ టెర్మినళ్ళ మధ్య చూడండి. 50 మిల్లీవోల్టుల లోపుంటే మంచిదే. 100 దాటితే లోపల ఏదో సర్దాల్సిన పని ఉంది, ధర తగ్గించి మాట్లాడండి. వోల్టుల్లో కనబడితే మూత పెట్టించి బయటికి వచ్చేయండి. చల్లగా ఉన్నప్పుడొకసారి, పావుగంట నడిచాక ఇంకోసారి చూడాలి. నా ఆంప్లిఫయర్ చల్లగా ఉన్నప్పుడు బాగానే ఉంది మరి. పాతవాటిలో చాలావాటికి స్పీకర్లను కాపాడే రిలే ఉండదు. 405 సప్లయి దాదాపు ప్లస్, మైనస్ 50 వోల్టులు. అది నేరుగా 8 ఓమ్ స్పీకరులోకి దిగితే ఆరు ఆంపియర్లు పారుతుంది, 300 వాట్ల హీటరుతో సమానం. 303లో మాత్రం స్పీకరుకు ముందు పెద్ద కెపాసిటరొకటి అడ్డం ఉంటుంది కాబట్టి డీసీ దాటి రాదు.

కొట్లో మీటరు పెట్టనివ్వకపోతే? కొనకండి.

ఇంటికి తెచ్చాక కూడా ఏళ్ళ తరబడి మూలనపడ్డ ఆంప్లిఫయరును నేరుగా ప్లగ్గులో పెట్టొద్దు. సిరీస్ బల్బు వాడండి. ఎలక్ట్రీషియన్లందరికీ తెలిసిందే: ఫేజు వైరు మధ్యలో 60 లేదా 100 వాట్ల ఫిలమెంటు బల్బు వచ్చేలా ఒక చిన్న బోర్డు. ఎల్‌ఈడీ బల్బు దీనికి పనికిరాదు, పాత ఎలక్ట్రికల్ షాపుల్లో ఫిలమెంటు బల్బులు అడిగి తెచ్చుకోండి. స్విచ్ వేయగానే బల్బు గుప్పున వెలిగి, కెపాసిటర్లు నిండేకొద్దీ మసకబారి, చివరికి సన్నటి ఎర్ర తీగలా మిగిలితే లోపల షార్టు లేనట్టే. వెలిగింది వెలిగినట్టే ఉండిపోతే వెంటనే ఆపేయండి. పది రూపాయలకో ఇరవై రూపాయలకో దొరికే ఆ బల్బు, దొరకని ట్రాన్సిస్టర్లను కాపాడుతుంది.

మూత విప్పాల్సి వస్తే ప్లగ్గు తీసినా సరే, పెద్ద కెపాసిటర్లలో కరెంటు నిలవ ఉంటుందని మరవొద్దు. స్క్రూడ్రైవరు అడ్డం పెట్టి టప్పుమనిపించడం మన మెకానిక్కుల్లో కొందరికి అలవాటు. అలా చేయొద్దు. 1 కిలోఓమ్, 5 వాట్ల రెసిస్టరును ప్లాస్టిక్ పిడి ఉన్న పట్టకారుతో పట్టుకుని ఒక్కో కెపాసిటరు కాళ్ళ మధ్య నిమిషం పాటు ఆనించి, మీటరుతో చూసుకుని, అప్పుడు చెయ్యి పెట్టండి. ఇది రాని పని అనిపిస్తే తెలిసినవాళ్ళకే అప్పజెప్పండి, ఇందులో నామోషీ లేదు.

పాత ఆంప్లిఫయరులో ముందుగా ముసలివయ్యేవి ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లే. లోపలి ద్రవం ఆరిపోతుంది. వేడి పది డిగ్రీలు తగ్గితే వాటి ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుందని ఇంజనీర్ల లెక్క. ఆ లెక్కన టీవీ స్టాండు అరలో గాలాడకుండా ఇరికించిన ఆంప్లిఫయరుకు మన మే నెల ఎండలు ఏం చేస్తాయో ఊహించుకోండి. పైన కనీసం జానెడు ఖాళీ ఉంచాలి. మార్చేటప్పుడు 105 డిగ్రీల రకం అడగండి. వోల్టేజీ పాతదానికి సమానంగానో ఎక్కువగానో ఉండాలి, తక్కువ ఉండకూడదు. కెపాసిటీ మాత్రం పాతదానికి దగ్గరగానే ఉంచండి. 10,000 మైక్రోఫారడ్లున్న చోట 40,000 పెడితే బేస్ పెరుగుతుందని చెప్పేవాళ్ళ మాట వినకండి, ఆన్ చేసిన ప్రతిసారీ ఆ భారం రెక్టిఫయర్ మీద పడుతుంది. కాకినాడ, విశాఖపట్నం లాంటి సముద్రం ఒడ్డు ఊళ్ళ నుంచి వచ్చిన వాటిలో సాకెట్లూ స్విచ్చులూ తుప్పుపడతాయి, వాటికి కాంటాక్ట్ క్లీనర్ కొట్టించాలి. ఏ ఊరిదైనా సరే, లోపల బల్లి ఎముకలూ చీమల మట్టీ ఉన్నాయేమో టార్చి వేసి చూడండి. బోర్డు మీద బల్లి చచ్చి షార్టయిన ఆంప్లిఫయర్లు మన దగ్గర తక్కువేం కాదు.

పార్టుల విషయంలో బజారులో నకిలీలు చాలా ఉన్నాయి. ఇనుప టోపీ లాంటి టీఓ-3 పవర్ ట్రాన్సిస్టర్లు పేరున్న నంబరుతో చవగ్గా దొరికాయంటే అనుమానించండి. పైన ముద్ర పెద్దదే, లోపల చిప్పు గోరంత ఉంటుంది, గట్టిగా వాడిన రోజున పేలుతుంది. ఎస్‌టీకే ఐసీల సంగతీ అంతే. అందుకని ఎస్‌టీకే మీద నడిచే 1980ల నాటి సెట్లకు నేను పెద్ద ధర పెట్టను. వీ-ఫెట్ ట్రాన్సిస్టర్లున్న యమహా బీ-1, సోనీ టీఏ-5650 లాంటివి ఎంత గొప్పగా పాడినా, నెలజీతం మీద బతికేవాళ్ళు కొనొద్దనే చెబుతాను. ఆ ట్రాన్సిస్టర్లు ఇప్పుడు తయారు కావడం లేదు.

ఆహుజా లాంటి మైక్‌సెట్ ఆంప్లిఫయర్ చవగ్గా వస్తుంది కదా అని అడిగేవాళ్ళున్నారు. అవి గట్టి వస్తువులు, పందిట్లో మాట నలుగురికీ వినిపించడానికి చేసినవి. దూరంగా వేసే హారన్లకు 70, 100 వోల్టుల లైన్ అవుట్‌పుట్ ఇస్తాయి. ఇంట్లో స్టీరియోకు వాటి అవసరం లేదు. తెలియక ఆ లైన్ టెర్మినళ్ళకు ఇంటి స్పీకర్లు తగిలిస్తే రెండూ పోవచ్చు.

అమెరికా నుంచి అన్నయ్యో బావగారో పాత ఆంప్లిఫయర్ తెస్తానంటే సంతోషమే, కానీ ముందు దాని వెనక పలకను ఫోటో తీసి పంపమనండి. అక్కడి కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. జపాను లోపల అమ్మినవి 100 వోల్టులవి. మనది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. వోల్టేజీ సెలెక్టర్ ఉంటే ఇబ్బంది లేదు. లేకపోతే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, ఆంప్లిఫయర్ మీద రాసిన వినియోగానికి రెట్టింపు సామర్థ్యం ఉన్నది. 60 హెర్ట్జ్ కోసమే చేసిన ట్రాన్స్‌ఫార్మర్ 50 మీద ఎక్కువ వేడెక్కుతుంది, కాబట్టి 120 కాకుండా 110 వోల్టులిచ్చే స్టెప్‌డౌన్ నయం. సూట్‌కేసులో కూడా బరువైన ట్రాన్స్‌ఫార్మర్ ఊగి బోర్డులు పగలకుండా గట్టిగా సర్దమనండి. దేశంలో కొన్నా నా మట్టుకు నేను కొరియర్‌కు ఇవ్వను, రైల్లో వెళ్ళి చేత్తో తెచ్చుకుంటాను.

సర్వీసు అయ్యాక గుయ్యిమని మోత వస్తే అది ఏ మోతో చెవితోనే కొంత తేల్చుకోవచ్చు. తంబురా కింది తీగలా మెత్తగా, లోతుగా మోగితే చాలాసార్లు 50 హెర్ట్జ్, అంటే ఎర్తు వైర్లు ఒక చుట్టుగా (గ్రౌండ్ లూప్) కలిసి తెస్తున్న మోత. కేబుల్ టీవీ వైరునూ, కంప్యూటరునూ ఒక్కొక్కటిగా పీకి చూడండి, ఎక్కడో ఒకచోట ఆగుతుంది. అదే కొంచెం గరుగ్గా, పై స్థాయిలో మోగితే 100 హెర్ట్జ్, సప్లయి కెపాసిటర్లను అనుమానించాలి. మోత పోవడానికి త్రీపిన్నులో ఎర్తు కత్తిరించేవాళ్ళున్నారు. దయచేసి ఆ పని చేయకండి. ట్రాన్స్‌ఫార్మర్ ఇన్సులేషన్ పోయిన రోజున ఆంప్లిఫయర్ ఒంటి మీదికి 230 వోల్టులు వస్తాయి, దాని మీద చెయ్యి వేసేది మీ పిల్లలే కావచ్చు. అసలు మీ ఇంట్లో ఎర్తు ఉందో లేదో కూడా ఇప్పుడే చూసుకోండి. ఫేజుకూ ఎర్తుకూ మధ్య 230 దగ్గర చూపాలి, న్యూట్రలుకూ ఎర్తుకూ మధ్య రెండు మూడు వోల్టులకు మించకూడదు.

డబ్బు గురించి నా పద్ధతి చెబుతాను. పక్కన పెట్టిన మొత్తంలో సగానికి మించి ఆంప్లిఫయరుకు ఇవ్వకండి, మిగతా సగం కెపాసిటర్లకూ, మెకానిక్ కూలికీ, వైర్లకూ. నూరు రూపాయలుంటే యాభైకి దొరికేదే మీ ఆంప్లిఫయర్. ఈఎంఐ మీద కొనొద్దు, పాత వస్తువుకు వారంటీ ఉండదు, వాయిదా మాత్రం ఉంటుంది. మెకానిక్‌కు ఇచ్చేటప్పుడు ఏమేం మార్చాలో కాగితం మీద రాసుకుని, తీసిన పాత పార్టులు కవర్లో వేసి తిరిగివ్వమని అడగండి. మంచి మెకానిక్ దీనికి నొచ్చుకోడు. అడిగిన కూలి ఇవ్వండి. ఈ పని తెలిసిన చేతులు ఏటా తగ్గిపోతున్నాయి, బేరమాడాల్సింది వాళ్ళ దగ్గర కాదు.

ఇంకా కొనకముందే, పెద్దగా ఖర్చు లేకుండా చేయదగ్గ పనొకటుంది. మన ఫ్లాటుల్లో కింద టైల్స్, చుట్టూ నున్నటి గోడలు. శబ్దం కొట్టుకు కొట్టుకు తిరుగుతుంది. స్పీకర్లను గోడకు రెండడుగులు ముందుకు జరపండి, మధ్యలో ఒక మందపాటి జంపఖానా పరవండి, కిటికీకి బరువైన కర్టెన్ వేయండి. వారం రోజులు అలా వినండి. అప్పటికీ గొంతు పల్చగా ఉందనిపిస్తేనే ఆంప్లిఫయర్ మార్చండి.

మల్టీమీటరు లేనివాళ్ళు ఈ ఆదివారం వెళ్ళి ముందు అది కొనుక్కోండి. ఆంప్లిఫయర్ సంగతి వచ్చే నెల జీతంలో చూద్దాం.